చలి పొద్దున కదలని అంబాసిడర్

మొదటే చెప్పేస్తాను, నేను భయస్తుణ్ణి. కార్ల కరెంటు పని చేసినంత కాలం భయపడుతూనే చేశాను. బిగించిన నట్టు నిజంగా బిగిసిందా, తగిలించిన వైరు ఎక్కడైనా రాసుకుంటోందా అని అన్నం దగ్గర కూడా అదే ఆలోచన. కంచం ముందు నుంచి లేచి, మోపెడ్ తీసి, అప్పుడే పంపించిన బండి వెనకాల పోయి, నడిరోడ్డు మీద ఆపించి, బానెట్ ఎత్తి చూసుకున్న రోజులున్నాయి. "మీరు మెకానిక్ అయ్యేరు కాబట్టి సరిపోయిందండీ. డాక్టరై ఉంటే రోగి ఇంట్లోనే మంచం వేసుకునేవారు" అని మా ఆవిడ ఇప్పటికీ వెక్కిరిస్తుంది.

రాజోల్లో షెడ్డు మూసేసి ఇంటిపట్టున కూర్చున్నాక, ఐటీఐ చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కొందరు "మీకు తెలిసింది రాసిపెట్టండి వీర్రాజు గారూ" అని అడుగుతున్నారు. ఏ వైరు ఎక్కడికి పోతుందో మీకు ఫోన్లో బొమ్మలతో సహా దొరుకుతుంది. అది నేను రాయను. ఫోన్లో దొరకనివి రెండు మూడు ఉన్నాయి, అవి రాస్తాను. ఎక్కువగా ఒక సెల్ఫ్ మోటారు గురించి. తాళం తిప్పగానే ఇంజన్ని తిప్పి లేపే మోటారును మన వైపు సెల్ఫ్ అనే అంటాం కదా, దాని గురించి.

ఉంగరం తీసే అలవాటు

నాకు పని నేర్పింది అమలాపురంలో అబ్బులు మేస్త్రి గారు. మంచివారా అంటే వెంటనే చెప్పలేను. నోరు తెరిస్తే తిట్టే. పానా కింద పడేస్తే తిట్టు, పడెయ్యకపోయినా ముందు జాగ్రత్తగా ఒక తిట్టు. కానీ ఎవరు బానెట్ మీద చెయ్యి వేసినా ఆయన ముందు చూసేది చేతి వేళ్ళే. ఉంగరం ఉంటే తీయించేవారు. గడియారం ఉంటే తీయించేవారు. కొత్తగా పెళ్ళయిన వాళ్ళు ఉంగరం తీయడానికి మొహమాటపడితే, "వేలు ఉంటే ఉంగరం మళ్ళీ పెట్టుకోవచ్చు. ముందు వేలు దాచుకోరా నాయనా" అనేవారు. ఆయన ఉంగరపు వేలు చుట్టూ నల్లగా, ముడతపడ్డ మచ్చ ఉండేది. బ్యాటరీ కనెక్షన్ తీయకుండా సెల్ఫ్ విప్పబోతే, పానా ఒక పక్క వైరుకీ ఉంగరం ఇంకో పక్క ఇనుముకీ తగిలిందట.

కాబట్టి మీరు ఎంత తెలిసినవాళ్ళయినా, ఎంత తొందరలో ఉన్నా, సెల్ఫ్ దగ్గరికి పోయే ముందు బ్యాటరీ నుంచి ఎర్త్ వైరు ఊడదీయండి. ఇంత చిన్న మాట రాయాలా అనుకుంటారు. రాయాలి. నాకు తెలిసిన కాలిన చేతులన్నీ బాగా పని తెలిసినవాళ్ళవే.

పంటు మీద

"సెల్ఫ్ పోతే పోయింది, తోసుకుంటే స్టార్టవుతుంది కదా" అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. మెట్ట ఊళ్ళల్లో అది చెల్లుతుందేమో. చుట్టూ గోదావరి పాయలున్న మన దగ్గర చెల్లదు. అది నాకు పంటు నేర్పింది.

పడవల మీద బల్లలు పరిచి, మనుషుల్నీ బళ్ళనూ ఏరు దాటించే పంటు మీకు తెలిసిందే. ఎక్కాక ఇంజన్ ఆపెయ్యమంటారు. ఆ రోజు నేను ఒక ఖాతాదారు కారులో వెనక సీట్లో ఉన్నాను. సెల్ఫ్ అనుమానంగా ఉందని అప్పటికే చెప్పాను. ఆయన నవ్వేసి, "మీకు అన్నీ అనుమానాలే" అన్నారు. అవతలి రేవు చేరేసరికి మా కారు అందరికంటే ముందుంది. తాళం తిప్పితే టిక్కుమంది, అంతే. ముందు తడి బురద ఎక్కుడు, వెనక మోటార్ సైకిళ్ళు, ఆటోలు, చేపల బుట్టలు, తిట్లు. పదిమంది కలిసి ఎక్కుడు మీదికి తోశారు. సగం ఎక్కాక ఎవరికో కాలు జారింది, కారు వెనక్కి వచ్చింది. ఒక పెద్దాయన చక్రానికీ పంటు అంచుకీ మధ్య నుంచి వెంట్రుకవాసిలో తప్పుకున్నాడు. ఆయనకేమీ కాలేదు.

అప్పటి నుంచీ అనుమానం ఉన్న సెల్ఫ్‌తో ఏ బండినీ షెడ్డు దాటనివ్వలేదు. దానికోసం ఖాతాదార్లతో గొడవపడ్డాను, కొందరు మళ్ళీ రాలేదు కూడా. పోనీండి.

టీచరు గారి బండి

ఇప్పుడు అసలు సంగతి. ఇది షెడ్డు మూసేశాక జరిగింది, పోయిన చలికాలం.

అప్పనపల్లి వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో రామలక్ష్మి టీచరు గారని ఉన్నారు. రిటైరయ్యారు. ఆవిడకో పాత అంబాసిడర్ ఉంది. వాళ్ళాయన బతికుండగా కొన్నది. ఆయన పోయాక అందరూ అమ్మెయ్యమంటే, ఆవిడ అమ్మకుండా నడపడం నేర్చుకున్నారు. కొబ్బరితోటల మధ్య ఆ సన్నటి రోడ్ల మీద, ఎదురుగా ట్రాక్టరొచ్చినా కంగారుపడకుండా నడుపుతారు.

ఆవిడ చెల్లెలు మంగతాయారు గారు కూడా ఆ ఇంట్లోనే ఉంటారు. మూత్రపిండాలు పాడయ్యాయి. డయాలసిస్ కోసం వారంలో రోజు విడిచి రోజు అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, అదీ పొద్దున్న మొదటి బ్యాచ్‌లో. వచ్చేటప్పుడు ఆవిడ కూర్చోలేరు. అంబాసిడర్ వెనక సీటు మీద కాళ్ళు చాపుకుని పడుకుని వస్తారు. "పడుకుంటే కొబ్బరి చెట్ల తలలొక్కటే కనిపిస్తాయండి అన్నయ్య గారూ, రోడ్డు కనపడదు, అదే బాగుంటాది" అని నాతో అన్నారు ఒకసారి.

ఆ కారు పొద్దున్న పూట మొరాయించడం మొదలుపెట్టింది. ఒకరోజు అసలు కదల్లేదు. వేరే బండి పిలిపించి వెళ్ళేసరికి వంతు దాటిపోయింది, మర్నాడు రమ్మన్నారు. ఆ రాత్రంతా మంగతాయారు గారికి కాళ్ళు ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక, కూర్చునే తెల్లవార్చారట. రాజోల్లో ఎరువుల కొట్టు ఉన్న వాళ్ళ తమ్ముడు సత్తిబాబు గారు పరుగున వచ్చి అక్క దగ్గర మాట తీసుకున్నారు. ఇంకొక్కసారి ఆగితే కారు తాళాలు ఆయనకిచ్చెయ్యాలి, ఆవిడ ఇక నడపకూడదు.

ఆయన చెడ్డవారని రాయను. భయపడ్డారు. భయపడ్డవాళ్ళంటే నాకెప్పుడూ జాలే.

టీచరు గారు ఫోన్ చేసి, "వీర్రాజు గారూ, మీరు పని మానేసేరని తెలుసు. ఇదొక్కటి చూసిపెట్టండి. తాళాలిచ్చేస్తే నాకిక ఇంట్లో కూర్చోటమే" అన్నారు. కాదనలేకపోయాను.

మధ్యాహ్నం చేసిన పని

మధ్యాహ్నం వెళ్ళాను. పొరపాటు అక్కడే మొదలైంది.

కారు పెరట్లో, పందిరి కింద ఉంది. తలుపు తీస్తే నిశ్శబ్దంగా తెరుచుకుంది. ఆ వయసు అంబాసిడర్ తలుపులు ఊరంతా వినపడేట్టు కిర్రుమంటాయి, ఇదేమిటా అనుకున్నాను. "మా చెల్లి చలవండి. రెండు చేతులూ ఖాళీగా ఉంటే దానికి తోచదు. బావి గిలకకీ, కుట్టు మిషనుకీ, తలుపు బందులకీ అన్నిటికీ కొబ్బరినూనె రాస్తాది. కాస్త కదలకుండా కూర్చుంటే నాకూ రాసేస్తాది" అన్నారు టీచరు గారు. అరుగు మీద మంచంలో ఉన్న మంగతాయారు గారు సిగ్గుపడి నవ్వారు.

తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే లేచింది. మళ్ళీ తిప్పాను, లేచింది. పొద్దున్న ఏమవుతోందని అడిగితే, "గుయ్యిమని తిరుగుతాదండి, ఇంజన్ని మాత్రం పట్టుకోదు" అన్నారు. ఎర్త్ వైరు తీసి, సెల్ఫ్ లావు వైరు విప్పి, బోల్టులు ఊడదీసి మోటారు కిందికి దించాను. కింది బోల్టు కళ్ళకి కనపడదు. కారు కింద పడుకుని వేళ్ళతో తడుముకోవాలి. ఈ వయసులో నడుం మొర్రోమంది. దించి చూస్తే లోపల మోటారుకి కరెంటు అందించే కార్బన్లు అరిగిపోయి ఉన్నాయి. దొరికింది కదా అనుకున్నాను. నా దగ్గర బాగుచేసి దాచుకున్న సెల్ఫ్ ఒకటి ఉంటే వెంట తెచ్చుకున్నాను. అది బిగిద్దాం అనుకుని అరుగు మీద పెట్టాను. ఈలోపు టీచరు గారు భోజనానికి పిలిచారు. పనసపొట్టు కూర. తిన్నాక కాసేపు నడుం వాల్చాను.

లేచి మోటారు బిగించాను. గుయ్యిమనకుండా, ఖణేల్‌మని పట్టుకుంది. ఎన్నిసార్లు తిప్పినా పట్టుకుంది. టీచరు గారి మొహం విప్పారింది.

పిల్లలూ, ఇక్కడ ఆగి వినండి. కార్బన్లు అరిగిన మోటారు నీరసంగా తిరుగుతుంది. గుయ్యిమని జోరుగా తిరిగి ఇంజన్ని పట్టుకోకపోవడం వేరే జబ్బు. ఆ తేడా నాకు తెలియదా? తెలుసు. ఒక తప్పు కంటికి కనపడగానే దోషి దొరికాడనుకుని ఆగిపోయాను. పైగా పొద్దున్న వచ్చే జబ్బుని ఎండ మీద చూసి వైద్యం చేశాను.

తెల్లవారుజామున

మర్నాడే ఆసుపత్రి రోజు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. కోడి కుయ్యకముందే లేచి మఫ్లరు చుట్టుకుంటుంటే, "మళ్ళీ నట్టు చూడ్డానికేనాండీ?" అంది మా ఆవిడ. మోపెడ్ మీద ఆ చలిలో వెళ్ళేసరికి టీచరు గారింట్లో దీపాలు వెలుగుతున్నాయి. సత్తిబాబు గారు కూడా వచ్చి ఉన్నారు. గేటు బయట ఒక టాక్సీ ఆగి ఉంది. ఎందుకైనా మంచిదని ఆయనే పిలిపించుకున్నారు. నన్ను చూసి తల ఊపారు.

టీచరు గారు స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పారు.

గుయ్యి...మని తిరిగింది. పట్టుకోలేదు.

మళ్ళీ తిప్పారు. మళ్ళీ అదే. బాగుచేసిన మోటారు, నా చేత్తో బిగించింది, నిన్న ఖణేల్‌మన్నది. సత్తిబాబు గారు కారు పక్కకి వచ్చి, తాళాల కోసం చెయ్యి చాపారు. టీచరు గారు తాళం తీయబోయారు.

"ఉండండమ్మా. డిక్కీలో హ్యాండిల్ ఉందా?" అన్నాను.

"ఉందండి. కానీ అది మా వల్ల..."

"నేను తిప్పుతాను."

బంపరు కింద కన్నంలో హ్యాండిల్ పెట్టి ఇంజన్ని చేత్తో తిప్పడం మీలో చాలామంది చూసి ఉండరు. బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి, చుట్టి పట్టుకోకూడదు. ఇంజన్ వెనక్కి తన్నిందంటే వేలు విరుగుతుంది, ఒక్కోసారి మణికట్టు కూడా. కిందికి తొయ్యకూడదు, పైకి లాగాలి. నా మోకాళ్ళు ఎప్పుడో చెప్పాపెట్టకుండా రిటైరయ్యాయి. మొదటి లాగుకి ఊపిరాడలేదు. రెండో లాగుకి కళ్ళు బైర్లు కమ్మాయి. ఆ తర్వాతి లాగుకి ఇంజన్ దగ్గి, లేచింది.

"ఆపకండి. ఆసుపత్రి దాకా ఆపకండి" అని అరిచాను.

మంగతాయారు గారిని తీసుకురావడానికి అరుగు దగ్గరికి పోయాను. ఆవిడ జడ వేయించుకుని సిద్ధంగా కూర్చున్నారు. పక్కన ఇత్తడి గ్లాసులో వేడినీళ్ళు, ఆ నీళ్ళలో నిలబెట్టిన కొబ్బరినూనె సీసా. సీసా అడుగున నూనె ఇంకా కరగలేదు, తెల్లగా పేరుకుని ఉంది. చలికాలంలో మన ఇళ్ళల్లో రోజూ చూసేదే. నేనూ పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. ఆ పొద్దున్న మాత్రం దాన్ని చూస్తూ అలాగే నిలబడిపోయాను.

నిన్న పాత మోటారు విప్పినప్పుడు కొబ్బరి వాసన వచ్చింది. పట్టించుకోలేదు. కోనసీమలో కొబ్బరి వాసన రాని వస్తువేముంది?

"సాయంత్రం చూద్దాం అక్కా. తాళాల సంగతి" అని సత్తిబాబు గారు అంటూనే ఉన్నారు. కారు బయల్దేరింది. ఆయన టాక్సీలో వెనకాలే వెళ్ళారు, దారిలో ఆగుతుందేమోనని.

గుడ్డకి అంటినది

అమలాపురం వెళ్ళినవాళ్ళు మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చారు. కారు నేరుగా బావి పక్క చెట్ల నీడలో పెట్టించాను. ఇంజన్ చల్లబడే దాకా నేను కుదురుగా కూర్చోలేదు. చల్లబడ్డాక మోటారు దించాను.

సెల్ఫ్ కొసన చిన్న పళ్ళ చక్రం ఉంటుంది, పినియన్ అంటాం. మోటారు తిరగగానే అది ఇరుసు మీద స్క్రూకున్నట్టు ఉండే మరల వెంట జర్రున జారి వెళ్ళి ఇంజన్ పళ్ళని పట్టుకోవాలి. ఆ మరలు పొడిగా, శుభ్రంగా ఉండాలి. వాటికి నూనె రాయకూడదు. రాసిన నూనె దుమ్ముని పట్టుకుంటుంది. అదే కొబ్బరినూనె అయితే చలికి పేరుకుని, పినియన్‌ని ఉన్నచోటే అతికిస్తుంది. ఎండెక్కగానే కరిగిపోయి ఏమీ ఎరగనట్టు ఉంటుంది. మోటారు కొసని బావి నీళ్ళలో తడిపిన గోనెపట్టాతో చుట్టి కాసేపుంచాను. విప్పి తెల్లటి పాత గుడ్డతో తుడిస్తే, మీగడలాగా తెల్లగా అంటుకుంది.

మూడు ఇళ్ళ అవతలి నుంచి కూడా వాసన పట్టొచ్చు.

నాకు సంతోషం కలగలేదు. ఇంతకు ముందెప్పుడో బాగుచేసినవాళ్ళెవరో పాత మోటారుని ఈ అరుగు మీదే పెట్టి ఉంటారు. నేనూ ఈ అరుగు మీదే పెట్టి భోంచేసి పడుకున్నాను. మంగతాయారు గారు మంచం నుంచి చెయ్యి చాపితే అందుతుంది. తన వంతు ఆవిడే పోగొట్టుకుంది, ఆ రాత్రి ఊపిరాడకపోవడానికి ఆవిడ చెయ్యే కారణం. ఈ మాట ఎలా చెప్పడం? చెప్పకుండా తుడిచేసి, బిగించేసి, "మురికి పట్టింది" అనేసి పోదామనుకున్నాను. కానీ చెప్పకపోతే ఆవిడ మళ్ళీ రాస్తుంది. మళ్ళీ చలి వస్తుంది.

సత్తిబాబు గారు వచ్చి, "ఏం తేలిందండీ?" అన్నారు.

నేను గుడ్డ మడిచి పట్టుకున్నాను. అది మంగతాయారు గారు చూశారు. ఆసుపత్రి నుంచి వచ్చి నీరసంగా పడుకున్న మనిషి మోచేతి మీద లేచారు.

"అది నూనే కదండీ? ఎండిపోయినట్టుంటే నేనే కాస్త రాసేనండి, మీరు భోంచేస్తుంటే. పాతదానిక్కూడా రాసేను." ఆవిడ నా చేతిలో గుడ్డ వంక చూశారు. "అయితే మా అక్క బండిని ఆపేసింది నేనేనాండీ అన్నయ్య గారూ?"

టీచరు గారు నా వైపు చూశారు. కాదని చెప్పమన్న చూపు అది.

అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడ అడిగింది ఓదార్పు కాదు. ఏమైందో తెలుసుకోవాలని అడిగింది.

"ఆయ్, అవునమ్మా. ఈ ఒక్కదానికే నూనె పడదు. అది చెప్పకుండా మీ పక్కన పెట్టి పడుకున్నవాణ్ణి నేను. తలుపు బందులకి రాసేరు చూడండి, అంత బాగా మా షెడ్డులో ఎవరూ రాయలేదు. అవి మీరే చూసుకోవాలి. దీన్ని మాత్రం ముట్టుకోకండి."

ఆవిడ ఏడవలేదు. పెట్రోలు తడిపిన గుడ్డ అడిగి తీసుకుని, ఒళ్ళో పాత చీర పరుచుకుని, మరల్లో ఉన్న నూనెంతా తనే తుడిచారు. ప్రతి మరా వేలుగోరుతో గీసి చూసుకుంటూ తుడిచారు. సత్తిబాబు గారు పక్కన కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నారు. తాళాల మాట ఎత్తలేదు గాని, "ఎల్లుండి పొద్దున్న కూడా టాక్సీ తెస్తానక్కా. చూద్దాం" అన్నారు.

ఎల్లుండి పొద్దున్న

ఆ పొద్దున్న చలి ఇంకా ఎక్కువగా ఉంది. కొబ్బరాకుల మీంచి మంచు టప్‌టప్‌మని కారు టాపు మీద పడుతోంది. గేటు బయట టాక్సీ ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది. నేను హ్యాండిల్ ముందే తీసి బంపరు దగ్గర పెట్టుకున్నాను. టీచరు గారికి చెప్పలేదు గాని, మోటారు బిగించాక ఎర్త్ వైరు గట్టిగా ఉందో లేదో అప్పటికే చాలాసార్లు పట్టి చూసుకున్నాను.

టీచరు గారు ముందు తలుపు తీసి కూర్చోబోతుంటే, మంగతాయారు గారు ఆవిడ మోచెయ్యి పట్టుకున్నారు.

"ఈసారికి నేను తిప్పనా అక్కా?"

టీచరు గారు పక్కకి జరిగారు. మంగతాయారు గారు మెల్లిగా లోపల కూర్చుని తాళం మీద చెయ్యి వేశారు. సూదులు గుచ్చి గుచ్చి ముడులు కట్టిన చెయ్యి అది. ఇది పట్టుకోకపోతే నేను ఆవిడకి నిజం చెప్పినవాణ్ణి కాను, వట్టి కర్కోటకుణ్ణి.

తిప్పారు.

ఖణేల్‌మంది. ఇంజన్ లేచింది.

ఆవిడ ఇంకా తాళం పట్టుకునే ఉన్నారు. "పట్టుకుందమ్మా, ఇక వదిలెయ్యండి" అన్నాను. ఆవిడ చెయ్యి తీసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఇంజన్ చప్పుడు వింటూ కాసేపు అలాగే కూర్చున్నారు.

సత్తిబాబు గారు గేటు దగ్గరికి వెళ్ళి టాక్సీని పంపించేశారు. తిరిగొచ్చి చిన్నక్కని చెయ్యి పట్టి దించి, వెనక సీటు మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పారు. కారు తలుపు మెల్లిగా వేశారు. ఆ తలుపు చిన్న చప్పుడు కూడా చెయ్యలేదు.